వెల్లుల్లి మందేనా? దంచినదీ, ఉడికించినదీ, సీసాలోదీ ఒకటి కావు

పొట్టు తీసిన వెల్లుల్లి రెబ్బను ముక్కు దగ్గర పెట్టుకుని చూడండి. వాసన పెద్దగా రాదు. అదే రెబ్బను రోట్లో వేసి ఒక్క దెబ్బ కొట్టండి, మీ ఇంట్లో ఏం నూరుతున్నారో పక్కింటివాళ్ళకు కూడా తెలిసిపోతుంది. ఆ దెబ్బకు ముందు లేనిదీ, తర్వాత వచ్చిందీ ఏమిటి? వెల్లుల్లి గురించి రోజూ ఫోన్లలో తిరిగే గందరగోళంలో సగం ఈ ప్రశ్న దగ్గరే విడిపోతుంది.

పరగడుపున రెండు పచ్చి రెబ్బలు మింగితే బీపీ దిగుతుందని, కొలెస్ట్రాల్ కరుగుతుందని, క్యాన్సర్ దగ్గరికి రాదని ఒక మెసేజ్ వస్తుంది. వారం తిరక్కుండా "వెల్లుల్లితో కొలెస్ట్రాల్ తగ్గదు" అని ఇంకో వార్త కనిపిస్తుంది. రెండూ పరిశోధనల పేరే చెబుతాయి. విచిత్రం ఏమిటంటే, రెండిటి వెనకా నిజంగానే పరిశోధనలు ఉన్నాయి.

2024లో మధ్యప్రదేశ్ హైకోర్టు ఇండోర్ బెంచ్ ముందుకు ఒక వివాదం వచ్చింది: మార్కెట్ యార్డులో అమ్మేటప్పుడు వెల్లుల్లి కూరగాయా, మసాలా దినుసా? ఏళ్ళ తరబడి నడిచిన ఆ గొడవలో కోర్టు కూరగాయే అని తేల్చింది. మందా, కాదా అనే మూడో ప్రశ్న అక్కడికి వెళ్ళలేదు గానీ, మన ఇళ్ళలో రోజూ విచారణకు వస్తూనే ఉంటుంది.

రెబ్బలో లేనిది, దంచితే పుట్టేది

తాంబూలం తెలిసినవాళ్ళకు ఈ రసాయన శాస్త్రం కొత్త కాదు. ఆకు ఎర్రగా ఉండదు, సున్నం ఎర్రగా ఉండదు, వక్కా అంత ఎరుపు కాదు. మూడూ కలిపి నమిలితే నోరు పండుతుంది. వెల్లుల్లి రెబ్బలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. అందులో అల్లీన్ అనే గంధకపు పదార్థం ఒక గదిలో, అల్లినేజ్ అనే ఎంజైమ్ ఇంకో గదిలో ఉంటాయి. ఎంజైమ్ అంటే ఒక పదార్థాన్ని ఇంకో పదార్థంగా మార్చే ప్రోటీన్. కత్తి దిగినా, రోకలి పడినా, పురుగు కొరికినా గదుల గోడలు పగులుతాయి. అల్లీన్, అల్లినేజ్ కలుస్తాయి. సెకన్లలో అల్లిసిన్ అనే కొత్త పదార్థం పుడుతుంది. ఆ ఘాటు అదే. (అల్లీన్, అల్లిసిన్ పేర్లు దగ్గరగా ఉండి తికమక పెడతాయి. మొదటిది ముడిసరుకు, రెండోది తయారైన సరుకు అని గుర్తుపెట్టుకుంటే చాలు.)

మొక్క ఇదంతా మన గుండె కోసం చేయడం లేదు. తనను తినడానికి వచ్చే పురుగుల మీద, బూజు మీద వాడే ఆయుధం ఇది. అమెరికాలో కావలిటో, బెయిలీ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1944లో అల్లిసిన్‌ను విడదీసి, అది బ్యాక్టీరియాను చంపగలదని చూపించారు. సూక్ష్మజీవులు బతకడానికి అవసరమైన ఎంజైములను పట్టుకుని పనిచేయకుండా చేయడం దాని పద్ధతి.

కానీ అల్లిసిన్‌కు నిలకడ లేదు. పుట్టిన కాసేపటి నుంచే విడిపోయి అజోయిన్ లాంటి రకరకాల గంధకపు పదార్థాలుగా మారుతూ ఉంటుంది. ఇక దాన్ని తయారుచేసే ఎంజైమ్‌కు ఇద్దరు శత్రువులు: వేడి, పులుపు. దంచని రెబ్బను నేరుగా మరిగే సాంబారులో వేస్తే, రెండు గదులూ కలిసేలోపే ఎంజైమ్ ఉడికి చచ్చిపోతుంది. రెబ్బను నమలకుండా మాత్రలా మింగితే కడుపులోని ఆమ్లం ఆ ఎంజైమ్‌ను దెబ్బతీస్తుంది. అంటే మెసేజుల్లో తిరిగే "మింగండి" అనే చిట్కా, అల్లిసిన్ కోసమే అయితే, పనికొచ్చే పద్ధతుల్లో ఆఖరిది.

దంచి పది నిమిషాలు ఆగాలా?

ఈ మధ్య వంట వీడియోల్లో తరచూ వినిపించే మాట ఇది. దీని వెనక ఆధారం ఉంది. 2001లో అమెరికాలో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, వెల్లుల్లిని వెంటనే ఒక్క నిమిషం మైక్రోవేవ్‌లో పెడితే దాని క్యాన్సర్ నిరోధక ప్రభావం పోయింది. దంచి పది నిమిషాలు పక్కన పెట్టి తర్వాత వేడి చేస్తే కొంత మిగిలింది. పుట్టవలసింది ముందే పుట్టేసింది కాబట్టి, తర్వాత ఎంజైమ్ చచ్చినా నష్టం తక్కువ.

2007లో అర్జెంటీనా పరిశోధకులు ఇంకాస్త లోతుకు వెళ్ళారు. వాళ్ళు చూసింది రక్తంలోని ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోకుండా ఆపే గుణాన్ని. రక్తం గడ్డకట్టడం మొదలయ్యేది ఆ అతుక్కోవడంతోనే. మరిగే నీళ్ళలో మూడు నిమిషాల్లోపు ఉంచితే ఆ గుణం తగ్గలేదు. ఆరు నిమిషాలకు దంచని రెబ్బల్లో పూర్తిగా పోయింది, దంచిన వాటిలో కొంత మిగిలింది. పది నిమిషాలు దాటాక రెండిట్లోనూ లేదు.

దీన్ని మన వంటింటి భాషలోకి తెచ్చుకుంటే ఒక వరస కనిపిస్తుంది. పచ్చి రెబ్బలు, కారం, ఉప్పు వేసి రోట్లో నూరిన ఎల్లిపాయ కారంలో అల్లిసిన్ నిండుగా ఉంటుంది. కచ్చాపచ్చాగా దంచి దించే ముందు చారులో వేసేది మధ్యస్థం. పోపులో ఎర్రగా వేగిన నిండు రెబ్బలో రుచి ఉంటుంది, అల్లిసిన్ దాదాపు ఉండదు. ఆవకాయలో నెలల తరబడి ఊరిన రెబ్బ వేరే లోకం.

అలాగని ఉడికినదంతా వృథా అనుకోనక్కర్లేదు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో దంచిన పచ్చి వెల్లుల్లి నుంచి శరీరానికి అందేదాన్ని నూరుగా తీసుకుని మిగతావాటిని పోల్చారు. ఉడికించినదానికి 16, ఊరబెట్టినదానికి 19, కాల్చినదానికి 30, పులుపులో సన్నగా తరిగినదానికి 66 వచ్చాయి. ఎంజైమ్ చచ్చినా, మిగిలిన అల్లీన్‌లో కొంత భాగాన్ని మన శరీరమే ఎలాగో వాడుకుంటుందన్నమాట. శరీరానికి ఎంత అందిందో ఎలా కొలిచారన్నది తమాషా సంగతి, దాని దగ్గరికి చివర్లో వద్దాం.

సీసాలో ఉన్నది ఏ వెల్లుల్లి?

మందుల షాపులో దొరికే వెల్లుల్లి సరుకు ప్రధానంగా మూడు రకాలు. ఒకటి ఎండబెట్టి పొడి చేసిన మాత్ర. ఇందులో అల్లీన్, ఎంజైమ్ విడివిడిగా ఉండి, పేగుల్లో తడి తగిలాక కలవాలి. అందుకే కడుపులోని ఆమ్లానికి కరగకుండా పైన పూత వేస్తారు. ఆ పూత, పొడి నాణ్యత సరిగా లేకపోతే మాత్ర లోపలికి వెళ్ళినా అల్లిసిన్ పుట్టదు. చాలా బ్రాండ్లలో ఈ లోపం ఉందని 2001లోనే ఒక అధ్యయనం గట్టిగా చెప్పింది. రెండోది ఆవిరి పట్టి తీసిన నూనె, గుళికల రూపంలో ఉంటుంది. అల్లిసిన్ విడిపోయాక మిగిలే గంధకపు పదార్థాలే అందులో ఉండేవి. మూడోది నెలల తరబడి నానబెట్టి మాగించిన సారం. దీనిలో అల్లిసిన్ ఉండదు, ఘాటూ ఉండదు. నీటిలో కరిగే వేరే గంధకపు పదార్థాలు ఉంటాయి.

ఒకే సంచిలోంచి తీసిన వెల్లుల్లి అయినా, తినేసరికి నాలుగైదు వేరువేరు పదార్థాలు. ఒకదాని మీద వచ్చిన ఫలితాన్ని ఇంకోదానికి అంటగట్టడమే మనం వింటున్న వాదనల్లో పెద్ద లోపం.

కొలెస్ట్రాల్: 160 ఎంతకు దిగుతుంది?

2007లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం చేసిన ప్రయోగం ఈ చిక్కుముడిని నేరుగా విప్పాలని చూసింది. చెడ్డ కొలెస్ట్రాల్ అని మనం పిలిచే ఎల్‌డీఎల్ 130కీ 190కీ మధ్య ఉన్న 192 మందిని నాలుగు గుంపులు చేశారు. ఒక గుంపుకు పచ్చి వెల్లుల్లి (శాండ్‌విచ్‌లో పెట్టి), ఒకరికి పొడి మాత్ర, ఒకరికి మాగించిన సారం, ఒకరికి మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర. రోజుకు సుమారు 4 గ్రాముల రెబ్బ ఒకటితో సమానమైన మోతాదు, వారానికి ఆరు రోజులు, ఆరు నెలలు. ఏ గుంపులోనూ ఎల్‌డీఎల్ చెప్పుకోదగ్గంతగా కదల్లేదు. "వెల్లుల్లితో కొలెస్ట్రాల్ తగ్గదు" అనే వార్తకు పెద్ద ఆధారం ఇదే.

అవతలి పక్షానికీ బలం ఉంది. 2013లో 39 ప్రయోగాలను కలిపి లెక్కకట్టినప్పుడు, మొత్తం కొలెస్ట్రాల్ 200 దాటి, రెండు నెలలకు పైగా వెల్లుల్లి మాత్రలు వాడినవాళ్ళలో మొత్తం కొలెస్ట్రాల్ సగటున 17, ఎల్‌డీఎల్ 9 తగ్గాయి. చిన్న చిన్న ప్రయోగాలను కలిపి లెక్కేయడంలో లాభమూ ఉంది, ప్రమాదమూ ఉంది. ఒక్కోదానిలో కనపడని తేడా కలిపితే బయటపడవచ్చు. అలాగే నాసిరకం ప్రయోగాల తప్పులు కూడా కలిపేకొద్దీ గట్టి నిజంలా కనిపించవచ్చు.

ఏ పక్షం గెలిచిందన్నది పక్కన పెట్టి, అనుకూలమైన అంకెనే తీసుకుని చూద్దాం. ఒకాయనకు ఎల్‌డీఎల్ 160 ఉంది. వెల్లుల్లి మాత్రలు సగటున పనిచేస్తే 151కి వస్తుంది. అదే కొలెస్ట్రాల్ తగ్గించడానికి డాక్టరు రాసే స్టాటిన్ అనే మాత్ర, మధ్యస్థ మోతాదులో, ఎల్‌డీఎల్‌ను కనీసం 30 శాతం తగ్గిస్తుంది, అంటే 112 దగ్గరికి. వెల్లుల్లి పనిచేస్తుందని ఒప్పుకున్నా, స్టాటిన్ మానేసి వెల్లుల్లికి మారడం అంటే బస్సు దిగి నడక మొదలుపెట్టినట్టు. దారి అదే కావచ్చు, చేరేది ఎప్పుడన్నదే లెక్క.

బీపీ విషయంలో కాస్త బలమైన వాదన

వెల్లుల్లి మీద ఉన్న ఆశల్లో కాస్త నిలబడేది ఇదేనని నాకనిపిస్తుంది. 2020లో వెలువడిన ఒక విశ్లేషణ, బీపీ అదుపులో లేని 553 మందితో జరిగిన 12 ప్రయోగాలను కలిపి చూసింది. వెల్లుల్లి మాత్రలతో పై అంకె సగటున 8.3, కింది అంకె 5.5 తగ్గాయి. ఇది చిన్న సంఖ్య కాదు. కొన్ని బీపీ మందుల ప్రభావానికి దగ్గరగా ఉంది. రక్తనాళాల గోడలు సడలేలా చేసే పదార్థాలు శరీరంలో పెరగడం దీనికి కారణం కావచ్చని శాస్త్రవేత్తలు అంటున్నారు.

మరి అభ్యంతరాలు? ప్రయోగాలు చాలావరకు చిన్నవి, కొద్ది నెలలవి. పైగా అంకె తగ్గడం వేరు, పక్షవాతం, గుండెపోటు తగ్గడం వేరు. ప్రపంచవ్యాప్తంగా వైద్య ప్రయోగాలను జల్లెడ పట్టే కాక్రేన్ సంస్థ 2012లో రెండో ప్రశ్ననే అడిగింది. వెల్లుల్లి వల్ల బీపీ ఉన్నవాళ్ళలో మరణాలు, గుండెజబ్బులు తగ్గుతాయని చెప్పడానికి తగిన ఆధారం లేదని తేల్చింది. తగ్గవని కాదు, చెప్పలేమని. ఈ తేడాను వార్తల శీర్షికలు చాలాసార్లు మింగేస్తాయి.

లెక్క వేసుకుందాం. 150/95 ఉన్న ఆవిడకు ఆ సగటు వర్తిస్తే 142/90 దగ్గరికి వస్తుంది. మెరుగే, కానీ 140 కింద కూడా లేదు. ఇది సగటు మాత్రమే, ఆవిడకు 12 తగ్గవచ్చు, అసలు తగ్గకపోనూవచ్చు. ఇంకో మాట: ఈ ఫలితాలు కొలిచిన మోతాదు మాత్రలవి. పప్పు పోపులో నాలుగు రెబ్బలు వేసుకుని 8 పాయింట్లు లెక్కేసుకోవడం కుదరదు. పైగా మనం వెల్లుల్లిని ఎక్కువగా తినేది ఎక్కడ? ఆవకాయలో, కారప్పొడిలో. వాటిలోని ఉప్పు బీపీని పైకి లాగుతుంటే వెల్లుల్లి కిందికి లాగాలి. ఎవరు గెలుస్తారో ఊహించడం కష్టం కాదు.

జలుబు, కరోనా: గాజు పళ్ళెంలో చచ్చింది ఒంట్లో చస్తుందా?

ప్రయోగశాలలో గాజు పళ్ళెంలో పెరిగే బ్యాక్టీరియా మీద అల్లిసిన్ చుక్కలు వేస్తే చస్తాయి. నిజమే. కానీ దంచిన వెల్లుల్లి తిన్నాక రక్తం తీసి చూస్తే అందులో అల్లిసిన్ కనపడదు. దారిలోనే వేరే పదార్థాలుగా మారిపోతుంది. పళ్ళెంలో పనిచేసింది ఊపిరితిత్తుల్లోని సూక్ష్మజీవి దాకా అదే రూపంలో చేరదు. "వెల్లుల్లి సహజ యాంటీబయాటిక్" అనే మాట ఇక్కడే కుంటుతుంది. న్యుమోనియాకు, టైఫాయిడ్‌కు వెల్లుల్లి మందు కాదు.

జలుబు గురించి ఎక్కువగా ఉదహరించే ప్రయోగం 2001లో బ్రిటన్‌లో జరిగింది. 146 మందిలో సగం మందికి 12 వారాలు అల్లిసిన్ ఉన్న మాత్ర, సగం మందికి ఉత్తుత్తి మాత్ర ఇచ్చారు. మొదటి గుంపులో 24 జలుబులు, రెండో గుంపులో 65. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. కానీ జలుబు వచ్చిందో లేదో డైరీలో రాసుకున్నది వాళ్ళే. వెల్లుల్లి తేన్పు వచ్చినవాళ్ళకు తాము ఏ గుంపో పసిగట్టడం ఎంతసేపు? కాక్రేన్ వాళ్ళు వెతికితే నాణ్యతకు నిలిచిన ప్రయోగం ఈ ఒక్కటే దొరికింది. ఒక్క సాక్షితో కేసు గెలవదు.

2020 ఫిబ్రవరిలో కరోనాకు వెల్లుల్లి అనే మెసేజ్ ప్రపంచమంతా పాకినప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ బదులిచ్చింది: వెల్లుల్లి మంచి ఆహారమే, సూక్ష్మజీవులపై కొంత ప్రభావం ఉండవచ్చు, కానీ తింటే కరోనా రాకుండా ఆగిందనడానికి ఆధారం లేదు.

విటమిన్ల కోసం అనేవాళ్ళూ ఉన్నారు. 100 గ్రాముల వెల్లుల్లిలో సుమారు 31 మిల్లీగ్రాముల విటమిన్ సి ఉంటుంది. 3 గ్రాముల రెబ్బలో అది ఒక్క మిల్లీగ్రాము. ఒక జామకాయ ముక్క ముందు నిలబడదు.

క్యాన్సర్ గురించి చైనా గ్రామాలు చెప్పేది

చైనాలోని షాన్‌డాంగ్ రాష్ట్రంలో లింక్యూ అనే చోట జీర్ణాశయ క్యాన్సర్ చాలా ఎక్కువ. అక్కడ 1995లో 3,365 మందితో ఒక ప్రయోగం మొదలైంది. కొందరికి ఏడేళ్ళకు పైగా మాగించిన వెల్లుల్లి సారం, వెల్లుల్లి నూనె కలిపి ఇచ్చారు. మొదట్లో వచ్చిన ఫలితాలు నిరాశపరిచాయి, క్యాన్సర్‌కు ముందు దశలో కనిపించే మార్పులు తగ్గలేదు. అయినా వాళ్ళను వదలకుండా 22 ఏళ్ళు గమనించారు. 2019లో బయటికి వచ్చిన లెక్కల్లో, వెల్లుల్లి తీసుకున్నవాళ్ళలో జీర్ణాశయ క్యాన్సర్ మరణాలు సుమారు మూడో వంతు తక్కువగా కనిపించాయి. క్యాన్సర్ రావడం కూడా కాస్త తగ్గినట్టుంది గానీ, అది కాకతాళీయం కాదని చెప్పేంత తేడా లేదు.

ఓపికగా చేసిన పని ఇది, తేలిగ్గా కొట్టిపారేయలేం. అయితే ఇది ఒక ప్రాంతం, ఒక రకం క్యాన్సర్, ఒక రకం సరుకు. ఇందులో ఉన్నది పచ్చి రెబ్బ కాదు. దీన్ని "వెల్లుల్లి క్యాన్సర్‌ను నయం చేస్తుంది" అని చదవడం మాత్రం దారుణం. నయం చేయడం గురించి అక్కడ ఎవరూ ప్రయోగమే చేయలేదు.

బాలింత పథ్యం, భూర్జపత్రాల మీద రాసిన మాట

తెలుగు ఇళ్ళలో వెల్లుల్లికి మందుగా అన్నిటికంటే పెద్ద పీట దక్కేది బాలింత పథ్యంలో. వేడి అన్నంలో నెయ్యి, వెల్లుల్లి కారం. పాలు పడతాయనీ, వాతం చేయదనీ చెబుతారు. అదే వెల్లుల్లి వ్రతం రోజున వంటింట్లోకి రాదు. కొన్ని ఇళ్ళలో ఎప్పుడూ రాదు. మందు, నిషేధం రెండూ ఒకే గడ్డ మీద ఎలా కూర్చున్నాయి?

దీనికి చాలా పాత సాక్ష్యం ఒకటి ఉంది. 1890లో హామిల్టన్ బోవర్ అనే బ్రిటిష్ సైనికాధికారికి మధ్య ఆసియాలోని కుచా దగ్గర భూర్జపత్రాల మీద రాసిన సంస్కృత గ్రంథాల కట్ట దొరికింది. క్రీ.శ. 4 నుంచి 6వ శతాబ్దాల నాటివని పండితులు అంటారు. అందులో మొదటి భాగమే వెల్లుల్లి మీద. అమృతం తాగిన అసురుడి తల విష్ణువు నరికినప్పుడు పడిన రక్తపు చుక్కల నుంచి వెల్లుల్లి పుట్టిందనీ, అందుకే బ్రాహ్మణులు తినరనీ అది చెబుతుంది. వెంటనే ఒక ఉపాయమూ చెబుతుంది: ఆవును మూడు రాత్రులు మేత లేకుండా ఉంచి, తర్వాత గడ్డిలో వెల్లుల్లి కాడలు కలిపి పెట్టాలి. దాని పాలు, పెరుగు, నెయ్యి బ్రాహ్మణుడు తీసుకోవచ్చు. నియమమూ తప్పలేదు, వైద్యమూ అందింది! మన పెద్దలకు తెలివి తక్కువేమీ కాదు. సంస్కృతంలో దీనికి రసోనం అనే పేరూ ఉంది. ఆరు రుచుల్లో పులుపు ఒక్కటే తక్కువైనది కాబట్టి రస ఊనం అని ఆ పేరును వివరిస్తారు.

వెల్లుల్లి గుణం పాలలోకి దిగుతుందని ఆ రాసినాయన నమ్మాడు. గుణం సంగతి ఏమో గానీ, వాసన దిగడం నిజం. 1991లో అమెరికాలో పాలిచ్చే తల్లులకు వెల్లుల్లి గుళికలు ఇచ్చి పరీక్షిస్తే, సుమారు రెండు గంటల తర్వాత పాలలో ఆ వాసన బాగా తెలిసింది. అప్పుడు పసిపిల్లలు మామూలుకంటే ఎక్కువసేపు రొమ్ము పట్టారు. "వెల్లుల్లి తింటే బిడ్డ పాలు తాగదు" అనే భయానికి ఇది సమాధానం. కానీ బిడ్డ తాగిన పాల పరిమాణం చెప్పుకోదగ్గంత పెరగలేదు. తల్లికి పాలు ఎక్కువ పడతాయనడానికి గట్టి రుజువు లేదు. ఆ వెల్లుల్లి కారం కలిపిన ముద్ద పుష్టిగా తినడం, దాంతో పాటు నెయ్యి, విశ్రాంతి దొరకడం, ఇవన్నీ కలిసి చేసే మేలును ఒక్క రెబ్బ ఖాతాలో రాస్తున్నామేమో.

ఆహారం కాస్తా మందైతే, మందుకుండే చిక్కులూ వస్తాయి

ప్లేట్‌లెట్లను అతుక్కోనివ్వని గుణాన్ని మంచిగా చెప్పుకున్నాం. అదే గుణానికి ఇంకో ముఖం ఉంది. గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్ళు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పల్చబడే మందులు వాడుతుంటారు. వాటి మీద రోజూ వెల్లుల్లి మాత్రలు కూడా పడితే రక్తస్రావం ముప్పు పెరగవచ్చు. ఆపరేషన్‌కు కనీసం ఏడు రోజుల ముందు వెల్లుల్లి మాత్రలు ఆపాలని 2001లో వచ్చిన వైద్య సమీక్ష సూచించింది. కూరలో వేసిన రెబ్బల గురించి కాదు ఈ జాగ్రత్త, మందు స్థాయిలో తీసుకునేవాళ్ళ గురించి. డాక్టరు "ఏమేం మందులు వాడుతున్నారు?" అని అడిగినప్పుడు చాలామంది ఈ గుళికలు చెప్పరు. వాళ్ళ దృష్టిలో అది మందు కాదు మరి.

హెచ్ఐవీకి వాడే సాక్వినవిర్ అనే మందుతో పాటు వెల్లుల్లి గుళికలు ఇచ్చి చూస్తే, రక్తంలో ఆ మందు మోతాదు దాదాపు సగానికి పడిపోయింది. ప్రకృతి సిద్ధం అనే మాట మందుల మధ్య గొడవలను ఆపదు.

పచ్చి వెల్లుల్లి ముద్దను మోకాలికో, పుండుకో కట్టడం ఇంకో పాత అలవాటు. కొన్ని గంటలు అలా ఉంచితే చర్మం బొబ్బలెక్కి కాలిపోతుంది. సూక్ష్మజీవిని కాల్చే పదార్థానికి మన చర్మం మీద దయ ఉండదు. పిల్లల లేత చర్మానికి మరీ ప్రమాదం.

కడుపు ఉబ్బరం సంగతి వేరు. అది అల్లిసిన్ పని కాదు. వెల్లుల్లిలోని ఫ్రక్టాన్లు అనే పిండి పదార్థాలు చిన్నపేగులో అరగవు, పెద్దపేగులో పులిసి గ్యాస్ పుట్టిస్తాయి. ఐబీఎస్ (తరచూ కడుపు నొప్పి, ఉబ్బరం, విరేచనాల తేడాలు తెచ్చే పేగుల సమస్య) ఉన్నవాళ్ళకు ఇది నరకం. ఫ్రక్టాన్లు నీళ్ళలో కరుగుతాయి, నూనెలో కరగవు. అందుకే నూనెలో నిండు రెబ్బలు వేయించి తీసేస్తే, వాసన నూనెలో ఉంటుంది, బాధ రెబ్బతో పోతుంది.

అయితే ఆ నూనెను సీసాలో పోసి వారాల తరబడి గట్టు మీద ఉంచితే అది ఇంకో కథ. మట్టిలో పెరిగే గడ్డ కాబట్టి వెల్లుల్లికి బొటులిజం (కండరాలు చచ్చుబడేలా చేసే ప్రాణాంతకమైన ఆహార విషం) కలిగించే బ్యాక్టీరియా బీజాలు అంటుకుని ఉండవచ్చు. నూనెలో మునిగితే గాలి తగలదు, వాటికి కావలసింది అదే. 1985లో కెనడాలోని వాంకూవర్‌లో ఒక రెస్టారెంట్‌లో నూనెలో నిల్వ ఉంచిన తరిగిన వెల్లుల్లి వల్ల 36 మంది బొటులిజం బారిన పడ్డారు. మన పచ్చళ్ళలో దండిగా పడే ఉప్పు, నిమ్మరసం, చింతపండు ఊరికే రుచి కోసం కాదు. ఆ పులుపులో ఈ బ్యాక్టీరియా పెరగదు. ఉప్పు తక్కువ, పులుపు లేదు, నూనె మాత్రం నిండా అనే కొత్తరకం "గార్లిక్ ఆయిల్" సీసాలే గమనించవలసినవి. నిమ్మరసం పోసిన వెల్లుల్లి పచ్చడి ఒక్కోసారి నీలంగానో, పచ్చగానో మారి టెన్షన్ పెడుతుంది. దానికి మాత్రం భయం లేదు, గంధకపు పదార్థాలు పులుపులో చేసుకునే రంగు అది.

మోతాదు ఎంత?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1999లో వేసిన ఔషధ మొక్కల గ్రంథం తాజా వెల్లుల్లిని రోజుకు 2 నుంచి 5 గ్రాములని రాసింది. మన నాటు రకాల చిన్న రెబ్బలైతే రెండు మూడు, పెద్దవైతే ఒకటి. అది కూడా ఆహార నియమాలకు తోడుగానే తప్ప వాటికి బదులుగా కాదని అక్కడే ఉంది. ఇందులో గమ్మత్తు ఏమిటంటే, ఎల్లిపాయ కారమో, చారో రోజూ ఉండే ఇంట్లో ఈ పరిమాణం ఎవరూ లెక్కపెట్టకుండానే లోపలికి వెళ్తోంది.

ఇక ముందు బాకీ పెట్టిన సంగతి. 2018 నాటి అధ్యయనంలో, శరీరానికి ఎంత అందిందో కొలవడానికి పరిశోధకులు నమ్ముకున్నది తిన్నవాళ్ళ ఊపిరిని. అల్లిసిన్ లోపలికి వెళ్ళాక అల్లైల్ మిథైల్ సల్ఫైడ్ అనే వాయువుగా మారి, రక్తంలో కలిసి, ఊపిరితిత్తుల గుండా గంటల తరబడి బయటికి వస్తూ ఉంటుంది. పళ్ళు ఎన్నిసార్లు తోమినా వెల్లుల్లి వాసన పోకపోవడానికి కారణం అది, ఎందుకంటే అది నోట్లోంచి వస్తున్న వాసన కాదు. పాలో, పెరుగో, పుదీనా ఆకులో వెల్లుల్లితో పాటు తీసుకుంటే కొంత తగ్గుతుంది. మధ్యాహ్నం ఎల్లిపాయ కారంతో అన్నం తిని ఆఫీసుకు వెళ్ళినాయన పక్క సీటులో కూర్చున్నవాళ్ళు, యంత్రం లేకుండానే ఆ పరీక్ష చేసేస్తున్నారు.